నోటికి రాని పేరు

ఫస్లీ 1353, బహమన్ నెల పన్నెండో తారీఖు. ఇంగ్లీషు లెక్కన డిసెంబరు సగం గడిచింది. ఆ పొద్దున మా అక్క సావిత్రమ్మ జొన్నరొట్టెలు, అనపగింజల కూర చేసింది. చలికి కూర మీది నూనె పేరుకుంది. నేను రొట్టెన్నర తిన్నాను. పెరటి అరుగు మీద కూర్చున్న జానమ్మ ఒక ముక్క తుంచి చాలాసేపు నమిలి ఆకు పక్కకు జరిపింది.

"తిను జానమ్మా, కచేరిల ఎంతసేపైతదో ఏమో" అంది అక్క.

"నోట్లెకు పోతలేదమ్మా."

ఆమె భర్త ఏసోబు రాళ్లచెలక గడిలో, దొర కోటలాంటి ఇంట్లో, బందీగా ఉండి అప్పటికి రెండు వారాలు కావస్తోంది. దొర కచ్చడంలో ఊరు దాటితే ఆ గూడుబండి ముందు ఒక మనిషి పరుగెత్తాలి. ఏసోబు తాత పరుగెత్తాడు, తండ్రి పరుగెత్తాడు, అతనూ పరుగెత్తాడు. ఒకరోజు చెరువుకట్ట మీద ఆగిపోయాడు. సర్కారు వెట్టి బందు చేసిందట దొరా, ఇగ నేను ఉర్కను, అన్నాడు. మిషన్ బడి పంతులు చదివి వినిపించిన సర్కారు హుకుంను అతను అక్షరాలా నమ్మాడు. ఆ సాయంత్రమే గడి మనుషులు వచ్చి తీసుకుపోయి, రెండు దుంగల మధ్య కాళ్లు బిగించే బొండకొయ్యలో వేశారు. జానమ్మ నాలుగు కోసులు నడిచి తాలూకాకు వచ్చి, వకీలు ఇల్లని ఎవరో చూపిస్తే మా గడపలో నిలబడింది. మనిషిని అక్రమంగా నిర్బంధిస్తే, ఇల్లు సోదా చేసి విడిపించమని పోలీసు అమీనుకు వారంటు ఇచ్చే అధికారం మున్సిఫ్‌కు ఉంది. దాని కోసం అర్జీ పెట్టాను. జానమ్మ వాంగ్మూలానికి మున్సిఫ్ సాహెబు పెట్టిన రోజు అదే.

అప్పటినుంచి ఆమె మా వెనక గదిలో పడుకుంటోంది. నా భార్య పుష్పమ్మ ఉన్నప్పుడు మధ్యాహ్నాలు ఆ గదిలోనే గడిచేవి. ఆమె పోయాక అక్కడ దీపం పెట్టిన వాళ్లు లేరు. ఇప్పుడు సందెవేళ ఆ కిటికీలో వెలుగు కనబడుతుంటే, ఎవరి కష్టం వల్ల వచ్చిన వెలుగో తెలిసి కూడా, నా మనసుకు కొంచెం ఊరటగా ఉండేది.

ఇక ఆ పొద్దున మాకు మిగిలిన పని ఒకటే. జానమ్మ చేత దొర పేరు అనిపించడం.

రాళ్లచెలకలో దొర పేరు ఎవరూ పలకరు. పలకకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. రంగయ్య అనే సాలెవాడు ఆ ఊళ్లో కాపురం పెట్టిన రోజే సాలయ్య అయిపోయాడు. దొర పేరులో రంగ ఉంది మరి. పసిపిల్లలకు కూడా ఆ పేరు వినబడకుండానే, అనకూడదన్న సంగతి ముందు తెలిసిపోతుంది.

"ఒక్కపారి అను జానమ్మా. కచేరిల అడిగితె నీ నోటి నుంచే రావాలె."

"ఎట్లంటనయ్యా. మా అత్త అనలె, మామ అనలె. నోరు పడిపోతది."

"యేసయ్య పేరు రోజుకు ఎన్నిమార్లు అంటవు?"

"దేవుని పేరు అంటె దేవుడు కొట్టడు గదయ్యా!"

వంటింట్లో అక్క నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జానమ్మ మాత్రం నవ్వలేదు. కొంతసేపు నేల చూసి, "మీరు జర మొఖం అటు తిప్పుకోండ్రి" అంది. నేను గోడవైపు తిరిగాను. ఆమె అరుగు మీది ఖాళీ బిందెను దగ్గరికి లాక్కుని, దాని మూతిలో తల పెట్టి గుసగుసగా ఏదో అంది. బిందె లోపల చివరి 'రావు' ఒక్కటే నాకు వినబడింది.

"మంచిగనే ఉన్నది. కచేరికి బిందె పోయి సాచ్చెం చెప్తదా ఏంది?" అంది అక్క.

"అంటనమ్మా. ఆడ అని తీరుత" అని జానమ్మ లేచి కొంగు బిగించుకుంది.

*

మా తాలూకా కచేరి ఒకప్పటి సరాయి. గుర్రాలు కట్టిన రాతి స్తంభాల మధ్య ఇప్పుడు కక్షిదారులు కూర్చుంటారు. జానమ్మ కులం వాళ్లు పిలుపు వచ్చేదాకా మెట్ల కింద నిలబడాలి. ఆ రోజు కచేరి జవాను ఐలేశం మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లి, పైనుంచి దోసిట్లో పోయకుండా, తన రేకు గ్లాసు నింపి ఆమె చేతికే ఇచ్చాడు. ఇచ్చి, తాను చేసింది తనకే కొత్తగా అనిపించినట్టు గబగబా లోపలికి పోయాడు.

దొర వచ్చినప్పుడు స్తంభాల మధ్య వాళ్లందరూ లేచారు. తెల్లటి షేర్వాణీ, నల్లటి పంపు బూట్లు, పలచటి మనిషి. కోపం ఎరగని మొఖం. లోపల మున్సిఫ్ సాహెబు బల్లకు కుడివైపున ఆయనకు కుర్సీ వేసి ఉంది. సర్కారు కచేరీలలో ఆయనకు కుర్సీ హక్కు ఉంది. పాత కలెక్టరు ఎవరో ఇచ్చినది.

నేను లేచాను. "హుజూర్, ఫిర్యాదు ఎవరి మీదనో ఆయన మీ పక్కన కూర్చుంటే ఫిర్యాదీ నోరెలా తెరుస్తుంది?"

మున్సిఫ్ సాహెబు గుల్బర్గా నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది ఉర్దూ. నిద్ర చాలని కళ్లు, సిరా మరకల వేళ్లు. "ఆమె ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు కదా వకీల్ సాబ్. చెప్పనివ్వండి, అప్పుడు కుర్సీ సంగతి చూద్దాం" అన్నాడు.

మిషన్ బడి నుంచి తెప్పించిన బైబిలు మీద జానమ్మ చెయ్యి పెట్టించారు. పేష్కారు కృష్ణయ్య ఆమె తెలుగును ఉర్దూలో రాసుకుంటూ ప్రశ్నలు అడిగాడు.

"నీ పెనిమిటిని ఎవరు తోలుకపోయిండ్రు?"

"దొర మనుషులయ్యా."

"ఎవరి హుకుం మీద?"

"దొర హుకుం మీద."

"ఏ దొర?"

ఆమె తెల్లబోయింది. "మా దొర."

దొర తరఫు వకీలు అమరేందర్‌రావు లేచాడు. మద్రాసులో లా చదివేటప్పుడు మేమిద్దరం ఒకే గది. "హుజూర్, ఆ గడిలో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దదొర, నడిపిదొర, చిన్నదొర. మొన్న చిన్నదొరకు కొడుకు పుట్టాడు. వాడూ దొరే. వారంటు ఎవరి మీద ఇస్తారు? ఊయలలో ఉన్న దొర మీదనా?"

వరండాలో నవ్వులు లేచాయి. దొర కూడా మెత్తగా నవ్వాడు.

"అర్జీలో పేరు, తండ్రి పేరు, నివాసం స్పష్టంగా ఉన్నాయి" అన్నాను.

"అర్జీ రాసింది వకీలు. ప్రమాణం చేసింది ఆమె" అన్నాడు అమరేందర్.

మున్సిఫ్ సాహెబు తలూపాడు. "నిజమే. ఎవరో రాసిన కాగితం చూసి ఒకరి ఇంట్లోకి అమీనును పంపలేను. ఆమె నోటితోనే రావాలి."

నేను కూర్చున్నాను. అది అన్యాయమైన నియమం కాదు. రేపు ఏసోబు గుడిసె మీదికి ఎవరైనా సోదాకు వస్తే నేను అడ్డం పెట్టాల్సిన నియమం కూడా అదే. మద్రాసులో మా ముసలి ప్రొఫెసరు ఒకాయన చెప్పేవారు. చట్టం ముందు ప్రతి మనిషీ తన పేరూ, తండ్రి పేరూ మాత్రమే, ఇంకేమీ కాదు, అని. విన్నప్పుడు అదెంత పెద్ద సంగతో మాకు తెలియలేదు. ఇక్కడ ఈ గదిలో ఒక మనిషికి మాత్రం పేరు లేదు. మిగిలిన మాకందరికీ ఉంది.

జానమ్మ నావైపు చూసింది. తర్వాత ఆ నల్లబూట్లవైపు. అంతకంటే పైకి ఆమె చూపు పోలేదు. కళ్లు మూసుకుంది. పొంగే వాగుకు అవతలి ఒడ్డున ఉన్న మనిషిని కేకేసినట్టు అరిచింది.

"భూపాల రంగారావు! భూపాల రంగారావు దొర నా పెనిమిటిని బొండల ఏసిండు!"

కృష్ణయ్య కలం ఆగింది. వరండాలో ఒక ముసలావిడ "అవ్వో!" అని నోరు మూసుకుంది. ఆ క్షణాన గెలిచామనే అనుకున్నాను.

అప్పుడు జానమ్మ రెండు చేతులతో తన రెండు చెంపలూ ఫెడేల్మని వాయించుకుంది. ఐలేశం పట్టుకునే లోపల బోను దిగి, వెళ్లి, ఆ బూట్ల మీద నుదురు పెట్టింది.

"తప్పయింది దొరా! మాఫ్ చెయ్యి! నీ కాల్మొక్త, తప్పయింది!"

దొర పాదాలు కొద్దిగా వెనక్కి జరుపుకున్నాడు. ఏడ్చే చంటిదాన్ని చూసినట్టు చూశాడు.

"రికార్డు చేయించండి హుజూర్" అని అమరేందర్ గొంతు మోగింది. "ఫిర్యాదీ తప్పు ఒప్పుకుంది. నిండు కచేరిలో మాఫీ అడిగింది. ఫిర్యాదు అబద్ధమని ఇంతకంటే ఏం కావాలి? అర్జీని ఖారిజు చేసి కొట్టేయండి."

మున్సిఫ్ సాహెబు కలం కింద పెట్టి ఆమెనే చూస్తూ, తనకు వచ్చిన కొంచెం తెలుగులో అడిగాడు. "అమ్మా, మాఫీ ఎందుకు?"

"పేరు తీసిన గదయ్యా."

"నువ్వు చెప్పింది అబద్ధమా?"

"అబద్ధమెందుకైతది? నిజమే. బొండల ఉన్నడు. నా కండ్లతోని చూసిన. పేరు తీసుడే తప్పు."

"ఇప్పటికిప్పుడు అల్లిన మాట" అన్నాడు అమరేందర్.

మున్సిఫ్ సాహెబు నుదురు రుద్దుకున్నాడు. "నిజం చెప్పిన మనిషి మాఫీ అడగడం నేనెక్కడా చూడలేదు. మా వైపు ఇలాంటిది లేదు. ఇది ఇక్కడి రివాజా? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి."

గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. పేష్కారు కృష్ణయ్యది రాళ్లచెలక పొలిమేరనే ఉన్న పల్లె. అతను కలం పాళీని శ్రద్ధగా తుడుచుకున్నాడు. ఐలేశం స్తంభంవైపు తిరిగాడు. వరండాలో ఇందాకటి ముసలావిడ కొంగు కళ్లదాకా లాక్కుంది. ఎవరి మీదా నాకు కోపం రాలేదు. వాళ్లు సాయంత్రానికి ఇళ్లకు పోవాలి. ఆ ఇళ్లు ఆయన ఊళ్లలో ఉన్నాయి.

నేను లేచాను. "హుజూర్, నా మిత్రుడు పొద్దున్నుంచి వాదిస్తున్నాడు. దొరవారు అన్నాడు, దేశ్‌ముఖ్ సాబ్ అన్నాడు. ఒక్కసారి ఆయన కక్షిదారు పేరేమిటో చెప్పమని అడగండి."

అమరేందర్ నవ్వాడు. "వకాల్తునామాలో ఉంది."

"చెప్పండి" అన్నాడు మున్సిఫ్ సాహెబు.

"రాళ్లచెలక దేశ్‌ముఖ్ బహద్దర్ వారు..."

"అది హోదా. నేను అడిగింది పేరు."

అమరేందర్ చెవులు ఎర్రబడ్డాయి. మద్రాసు గదిలో కిరోసిన్ దీపం దగ్గర కూర్చుని రాజు కంటే చట్టమే పెద్దదని నాకు పాఠం అప్పజెప్పిన మనిషి, కుర్సీవైపు చూశాడు. దొర మొదటిసారి కొంచెం ముందుకు వంగాడు. అమరేందర్ పెదాలు తడుపుకున్నాడు. "భూపాల రంగారావు గారు" అన్నాడు, పక్కన నిలబడ్డ నాకే సరిగ్గా వినబడనంత మెల్లగా. అంటుండగానే అతని కుడిచెయ్యి దానంతట అది లేచి, కుర్సీకి సలాము చేసింది.

ఎవరూ నవ్వలేదు. అతను తన చేతిని చూసుకుని దించేశాడు.

మున్సిఫ్ సాహెబు కలం తీసుకుని, పేష్కారుకు చెప్పకుండా తానే రాయడం మొదలుపెట్టాడు. "వారంటు ఇస్తున్నాను. ఇక ఆ కుర్సీ తీసెయ్ ఐలేశం."

ఐలేశం కదల్లేదు. కదలలేకపోయాడు. చివరికి దొరే లేచి షేర్వాణీ సర్దుకున్నాడు. "ఫికర్ లేదు. నేనే పోతున్న" అని, దారిలో కూలబడి ఉన్న జానమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"చలికాలం పొద్దు తొందరగ గూకుతది. పైలంగ ఉండు జానమ్మా."

ఆయన నోట ఆమె పేరు ఎంత తేలికగా వచ్చిందో!

*

వారంటుకు మొహరు వేస్తుండగా మున్సిఫ్ సాహెబు నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. టీ తెప్పించాడు. తాగడం ఇద్దరం మరిచిపోయాం.

"ఇది అమలు చేయాల్సింది అమీను" అన్నాడు.

"ఠాణాకు నేనే తీసుకుపోతాను."

"ఠాణాలో లేడు. నిన్నటినుంచి క్యాంపు మీద ఉన్నాడు." కొంచెం ఆగి, "రాళ్లచెలకలో. గడి మేడ మీద దిగాడు. ఆ ఊళ్లో సర్కారు నౌకర్లు దిగడానికి ఇంకో ఇల్లు లేదట" అన్నాడు.

గడిని సోదా చేయాల్సిన మనిషిని వెతుక్కుంటూ వారంటు మొదట గడికే పోవాలి. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

"రేపు పొద్దున నా జవానును మీ వెంట పంపుతాను. ఇంతకుమించి నా చేతిలో లేదు" అన్నాడు. "నన్ను ఇక్కడికి పంపింది ఒక హుకుం. ఈ సంతకం చూసి ఇంకో హుకుం నన్ను ఇంకెక్కడికో పంపుతుంది. ఆయన మాత్రం ఇక్కడే ఉంటాడు. మన దగ్గర చట్టం లేదనను వకీల్ సాబ్. చాలా ఉంది. దాని కింద నిలబడేవాళ్లే లేరు. కొందరు దాని మీద కూర్చున్నారు. మిగిలినవాళ్లను గుమ్మం బయటే ఆపేశారు."

వెట్టి వద్దన్న హుకుం గురించి ఆలోచిస్తూ బయటికి వచ్చాను. అది దయతో వచ్చింది. దయతో వచ్చినదాన్ని జనం హక్కని నమ్మితే ఏమవుతుందో ఏసోబు కాళ్లకు తెలుసు. పాలించేవాడి మాటకూ చట్టానికీ నడుమ ఒక గోడ కట్టుకుని, ఆ గోడను పాలించేవాడు కూడా దూకకుండా కాపాడుకునే దేశాలు ఉన్నాయని పుస్తకాలలో చదివాను. మా దగ్గర ఆ గోడకు మొదటి రాయి ఎవరు పెడతారో, ఎప్పుడు పెడతారో నాకు తెలియలేదు. దొర లేచిపోయిన కుర్సీ మున్సిఫ్ బల్ల పక్కన అలాగే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

దారిలో జానమ్మ నాకంటే ముందు నడిచింది. చెంపల మీద వేళ్ల గుర్తులు ఇంకా పోలేదు. కానీ నడకలో పొద్దుటి బరువు లేదు.

"ఇయ్యాల్నే పోతనయ్యా. నా బిడ్డ రూతమ్మ వాళ్లవ్వ కాడ ఉన్నది. నేను పక్కల లేకుంటె దానికి నిద్ర రాదు."

"ఒక్క రాత్రి ఆగు. పొద్దుగాల జవాను వస్తడు, అందరం కలిసి పోదాం. ఒక్కదానివి పోవద్దు."

ఇంటికి రాగానే అక్క వేడి జొన్నగట్క తెచ్చి, పొద్దుటిలా ఆకు వేయకుండా, మా ఇంటి పళ్లెంలో పెట్టింది. "అన్నవా?" అని అడిగింది.

"అన్ననమ్మా."

"బిందెల తలకాయ పెట్టా?"

"లేదమ్మా, గట్టిగ! కచేరి అంత ఇన్నరు." జానమ్మ నవ్వింది. మా ఇంటికి వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు. పళ్లెం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టించుకుంది.

*

పొద్దు గూకుతుండగా వాకిట్లో ఎవరో గోడ పట్టుకుని నడిచి వచ్చారు. కొత్త తెల్లటి దోవతి, గంజి కూడా పోలేదు. దాని కింద చీలమండలు నల్లబడి కుండల్లా ఉబ్బి ఉన్నాయి.

"ఓ యేసయ్యా!" అని జానమ్మ పరుగెత్తి వెళ్లి అతన్ని పట్టుకుంది. "ఇడ్సిండ్రా! ఎప్పుడు ఇడ్సిండ్రు? ఎట్ల నడిచినవు గిన్ని కోసులు?"

ఏసోబు ఆమెవైపు చూడలేదు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. నాకు దండం పెట్టాడు.

"నడవలేదయ్యా. కచ్చడంల తోలుకొచ్చి ఊరి బయట దింపిపోయిండ్రు. నన్ను మెత్త మీద కూసోపెట్టిండ్రు."

"బండి ముంగట ఎవరు ఉరికిండ్రు?" అంది జానమ్మ, నమ్మలేనట్టు.

"నా తమ్ముడు జానయ్య."

ఏసోబు, ఎవరో నేర్పిన పద్యం అప్పజెప్పినట్టు, నేలను చూస్తూ చెప్పాడు. "వకీలయ్యా, పొద్దుగాల కచేరికి వస్త. సాచ్చెం చెప్త. నన్నెవ్వరు పట్టలె. అమ్రాబాదు అడవికి వెదురు కొట్టను పోయిన. నా పెండ్లాం ఎరుకలేక ఏదో కూసింది."

"నీ కాళ్లకేమైంది?"

"ముండ్లు ఇరిగినయి."

"ఏసోబూ, వారంటు అయింది. ఈమె దొర పేరు చెప్పింది, నిండు కచేరిల."

"ఎరుకే. దొర కచేరిల నుంచి లేచుడుతోనే గుర్రం మీద మనిషిని తోలిండు. ఆడు వచ్చుడు, నన్ను బొండల నుంచి తీసుడు ఒక్కటే. వంటింట్ల కూసోపెట్టి బువ్వ పెట్టిండ్రు. దోతి ఇచ్చిండ్రు."

"నువ్వు ప్రమాణం చేసి గట్ల చెప్తె ఈమె చెప్పింది అబద్ధమైతది. అబద్ధం ఫిర్యాదు కింద ఈమెను జైల్ల పెడతరు. తెలుసా?"

"తెలుసయ్యా. ఆరు నెలలంట. జైల్ల కొట్టరంట గద" అన్నాడు. ఆ సంగతి తనకు తానే చెప్పుకుని, దారిపొడుగునా పట్టుకుని వచ్చినట్టుంది గొంతు.

జానమ్మ అతని చెయ్యి వదిలేసింది.

"నన్ను జైలుకు తోలెతందుకు వచ్చినవా? నీ కోసం గంత దూరం నడిచిన. ఆ పేరు తీసిన. మొగోళ్లు తియ్యని పేరు, నేను తీసిన! కాళ్లు బొండల పెడితె గంత భయపడ్డవా? కట్ట మీద నిలబడి ఉర్కనన్నోనివి నువ్వేనా?"

అతను దెబ్బలు తింటున్నట్టు అన్నీ విన్నాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"రూతు గడిల ఉన్నది."

వంటింట్లో అక్క చేతిలోని గరిటె పళ్లెం మీద పడిన చప్పుడు వినబడింది.

"నన్ను ఏ తలుపుల నుంచి బయటికి తెచ్చిండ్రో, ఆ తలుపుల నుంచే దాన్ని లోపటికి తోలుకపోయిండ్రు. నా ముంగటికెల్లే పోయింది. బాపూ, నువ్వెటు పోతున్నవ్ అని అడిగింది. చిన్నదొరసాని పసిపిల్లగాన్ని ఆడిపియ్యాలంట. కచేరిల నేను సాచ్చెం చెప్పినంక ఇంటికి పంపుతరంట. అన్నం మంచిగ పెడతమన్నరు."

నా జేబులో వారంటు ఉంది. దాని మీద సర్కారు మొహరు ఉంది, విడిపించాల్సిన మనిషి పేరు ఉంది. ఆ మనిషి నా వాకిట్లో, ఎవరి కాపలా లేకుండా నిలబడి ఉన్నాడు. ఒక్క అక్షరం తప్పకుండా చట్టం అమలైంది. పిల్ల పేరు ఆ కాగితం మీద లేదు.

జానమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. "అయ్యా, రూతు కోసం మల్ల అర్జీ పెట్టచ్చా?"

"పెట్టచ్చు."

"మల్ల ప్రమాణం చెయ్యాలెనా?"

"చెయ్యాలె."

"ఈయన గట్ల సాచ్చెం చెప్పినంక నా ప్రమాణం ఎవరన్న నమ్ముతరా?"

నేను చదువుకున్న చదువులో ఆ ప్రశ్నకు జవాబు ఉంది. అది ఆమెకు చెప్పగలిగిన జవాబు కాదు.

అక్క వేడినీళ్లు, పసుపు, పాత గుడ్డలు తెచ్చి ఏసోబు ముందు పెట్టింది. తానే వంగి అతని చీలమండలకు కట్టు కట్టబోతే అతను భయపడి కాళ్లు ముడుచుకున్నాడు. "ఊకో కొడుకా" అంది అక్క, అంతే. అతను కదలకుండా ఉండిపోయాడు.

కట్టు అయ్యాక జానమ్మ అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని లేపింది. వెనక గదివైపు మెల్లగా నడిపించింది. నేను దీపం పట్టుకుని గుమ్మందాకా వెళ్లాను.

"జానమ్మా, రేపు మున్సిఫ్ సాహెబు నిన్ను కూడ అడుగుతడు. ఏం చెప్తవు?"

ఆమె నా చేతిలోంచి దీపం తీసుకుంది. "జర పొద్దుగాలనే లేపుండ్రయ్యా. ఆలస్యం కావద్దు. సాచ్చెం అయినంకనే గద రూతును పంపేది" అంది.

తర్వాత, లోపల పసిపిల్ల పడుకుని ఉన్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసుకుంది.